నాందేడు పెరట్లో తంగేడు

నాందేడు అనగానే పంజాబు వారికి సచ్‌ఖండ్ గురుద్వారా జ్ఞాపకం వస్తుంది. 1708లో గురు గోవింద సింగ్ గారు దేహం చాలించిన పుణ్యస్థలం గనుక, ఏడాది పొడుగునా ఇక్కడ యాత్రికులు రైళ్ళు దిగుతూనే ఉంటారు. మరాఠీ వారికి ఇది గోదావరి ఒడ్డు ఊరు, మాహూరు రేణుకామాత కొలువున్న జిల్లాకు ముఖ్యపట్టణం. మరి మన తెలుగు వారికి? మనకు ఇది పరాయి ఊరు కానే కాదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు నాందేడు, నిర్మల్, నిజామాబాదు, అన్నీ ఒక్క హైదరాబాదు రాష్ట్రంలోవే గదా. భాషలను బట్టి హద్దులు గీసిన ఆ రోజున మనుషులు కొందరు అటూ, కొందరు ఇటూ అయినారు. చెట్లకు మాత్రం ఆ కబురు అందలేదు. బాసర దగ్గర ఏ తంగేడు పూస్తుందో, దాని పక్కనే ఉన్న మా ధర్మాబాదు తాలూకా గట్ల మీదా అదే తంగేడు పూస్తుంది.

ఈ మాసం మా వ్యాసం ఆ చెట్లను గురించి. మేము శాస్త్రజ్ఞులం కాము. మెట్రిక్ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా ఫైళ్ళతో కాలక్షేపం చేస్తున్న గుమాస్తాలం. గోదావరికి దక్షిణపు ఒడ్డున, కొత్త నాందేడు వైపు మాకొక చిన్న ఇల్లు, ఇంటి వెనుక ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల పెరడు ఉన్నవి. మాకున్న భూమండలం అంతే. అందులో తొమ్మిదేళ్ళుగా ఈ నేలకు పుట్టిన మొక్కలనే పెంచుతూ వస్తున్నాము. అందువలన మాకు తెలిసివచ్చిన నాలుగు సంగతులు మన సంఘం కుటుంబాల వారితో చెప్పుకుందామని ఈ ప్రయత్నం.

ముందుగా మా ఊరి ఎండావానల సంగతి చెప్పాలి. వైశాఖం వచ్చిందంటే 43, 44 డిగ్రీల ఎండ ఇక్కడ వింత కాదు. వాన సంవత్సరానికి సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో చాలా భాగం జూను, సెప్టెంబరు మధ్యనే పడుతుంది. ఈ మధ్య ఆ పడే తీరు కూడా మారినది. 2016లో మా పక్కనున్న లాతూరుకు మిరజ్ నుంచి రైలు బండ్లలో తాగునీరు తెచ్చిపోశారు. 2025 ఆగస్టులో మా జిల్లాలోనే ముఖేడ్ తాలూకా పల్లెలు ఒక్క రాత్రి వానకు నీట మునిగినవి. పడితే కుండపోత, లేకుంటే చుక్క లేదు. నేల చూడబోతే నల్లరేగడి. ఎండకు చెయ్యి పట్టేటంత బీటలు తీస్తుంది, వానకు ఉబ్బి బంకమట్టి అవుతుంది. ఇటువంటి చోట ఈ రెండు కష్టాలకూ తాళగల మొక్క ఏది? వేల ఏళ్ళుగా ఈ రెండింటినీ చూస్తూ బ్రతికిన మొక్కే.

మేము ఈ ఇల్లు కొన్న నాటికి పెరట్లో పాత యజమాని పెట్టిన కోనోకార్పస్ మొక్కలు గోడ వెంబడి బారులు తీరి ఉన్నవి. ఎప్పుడు చూసినా పచ్చగా, నిగనిగలాడుతూ కంటికి ఇంపుగానే ఉండేవి. మా అమ్మ నిర్మల్ వైపు పల్లెటూరిలో పుట్టిపెరిగిన మనిషి. నెల రోజులు ఆ చెట్లను ఊరకనే చూసి, ఒకనాటి పొద్దున మమ్మల్ని పిలిచి, “గింత పచ్చగున్నయి గని, వీటి మీద ఒక్క పిట్టన్న వాలంగ సూసినవా కొడుకా? ఒక్క పురుగన్న ఆకు తిన్నదా?” అని అడిగినది.

పురుగు ఆకు తినకపోతే మంచిదే గదా అని ఎవరికైనా తోస్తుంది. కాని కీలకమంతా అక్కడనే ఉన్నది. చెట్టు తన ఆకును కాపాడుకోవటానికి అందులో చేదో, విషమో, పాలో నింపుకుంటుంది. ఏ పురుగుకు ఏ ఆకు అరగాలన్నది అవి రెండూ వేల తరాలు ఒకచోట పెరిగితే గాని కుదిరే వ్యవహారం కాదు. జిల్లేడు పాలు మనకు విషం. కాని నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి ఆ జిల్లేడు మీదనే గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతుంది. దూరదేశం నుంచి తెచ్చి పాతిన చెట్టు ఆకు ఇక్కడి పురుగులలో చాలావాటికి కొరుకుడు పడదు. పురుగు లేకుంటే పిట్ట లేదు. పెద్దయిన పిట్ట గింజలో, పండ్లో తిని బ్రతకవచ్చును. గూటిలోని పిల్లకు మాత్రం చాలా జాతుల పిట్టలు మెత్తని పురుగునే తెచ్చి పెడతవి.

ఈ మాటనే అమెరికాలో లెక్కవేసి చూపారు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ టాలమీ అనే కీటకశాస్త్ర ఆచార్యులు ఉన్నారు. ఆయన, ఆయనతో పనిచేసిన వారు వాషింగ్టన్ పరిసరాలలోని ఇళ్ళ పెరళ్ళలో చికడీ అనే పిడికెడంత పిట్ట సంసారాన్ని పరిశీలించారు. ఒక్క ఈడు పిల్లలను పెంచాలంటే ఆ జంటకు ఆరు వేల నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు కావాలట. 2018లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం, పెరటి పచ్చదనంలో అక్కడి స్వదేశపు మొక్కలు నూటికి 70 పాళ్ళకు తగ్గితే ఆ పిట్టల సంతతి నిలదొక్కుకోవటం లేదు. మా అమ్మ లెక్కలు కట్టలేదు గాని ఆమె అడిగినదీ ఇదే ప్రశ్న.

కోనోకార్పస్ సంగతి తరువాత ప్రభుత్వాల దాకా పోయినది. దాని పుప్పొడి వలన దగ్గు, ఉబ్బసం వంటి బాధలు కలుగుతున్నవనీ, వేళ్ళు కాలువలలోకీ, తీగల గొట్టాలలోకీ దూరుతున్నవనీ చెప్పి 2023లో గుజరాత్ ప్రభుత్వం దానిని నాటరాదని ఉత్తర్వు చేసినది. తెలంగాణలోనూ దారుల వెంట దానిని విరివిగా నాటి, ఆపైన మానుకున్నారు. మా పెరటిలోని వరుసను మేము ఒక్కసారే నరికివేయలేదు. నీడ పూర్తిగా పోతే ఇల్లు మాడిపోతుంది గనుక, కొత్త మొక్కలు ఎదిగిన కొద్దీ పాతవాటిని ఒక్కొక్కటిగా తీసివేశాము. అందుకు నాలుగేళ్ళు పట్టినది.

మరి ఏ మొక్కలు పెట్టాలి? ఆ పట్టిక మన ఇండ్లలోనే ఉన్నది. వినాయక చవితి నాడు మనం పూజించే ఏకవింశతి పత్రిని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు, వాకుడు, విష్ణుక్రాంత... దేవదారు హిమాలయాలది, దానిమ్మ పడమటి దేశాలది. అటువంటి రెండు మూడింటిని పక్కకు పెడితే మిగిలినవన్నీ మన దక్కను నేల మీద సహజంగా పెరిగేవే. పెద్దలు భక్తితో పాటు వనస్పతి శాస్త్రాన్ని కూడా పిల్లల చేతికి అప్పగించినారన్నమాట. ఏడాదికొకసారి పత్రి కోసం పిల్లవాడు గట్టు వెంట తిరగాలి, ఏ ఆకు ఏదో గుర్తుపట్టాలి. ఇప్పుడు బజారులో పది రూపాయలకో ఇరవై రూపాయలకో ఒక కట్ట దొరుకుతుంది. అందులో ఏమున్నదో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

మహారాష్ట్రులు కూడా గణపతికి ఇరవై ఒక్క పత్రి సమర్పిస్తారు. ప్రక్క ఇంటి మరాఠీ ఇల్లాలిని మా ఇంటిల్లిపాదీ కాకూ అంటాము. ఒక చవితి ముందు ఆమె గోడ అవతల, మా అమ్మ గోడ ఇవతల నిలబడి ఆకులు చూపుకుంటూ పేర్లు కలుపుకున్నారు. మన ఉత్తరేణి వారికి ఆఘాడా. మన జిల్లేడు వారికి రుయి. వావిలి నిర్గుడి, మారేడు బేల్, జమ్మి శమీ. పూజలో లేని చెట్లను కూడా వదలలేదు. కానుగ కరంజ్, మోదుగ పళస్, రేల బహావా, నేరేడు జాంభూళ్, మేడి ఉంబర్, తంగేడు తరవడ్. వేపను కడునింబ్ అంటారు, అనగా చేదు నింబ. మా వీధి చివర ఉండే సర్దార్జీ అది విని, తమ పంజాబులో చెట్ల పేర గురుద్వారాలే ఉన్నవనీ, అమృతసరు స్వర్ణమందిరంలో కోనేటి ఒడ్డున రేగుచెట్లను ఈనాటికీ భక్తితో కాపాడుకుంటున్నారనీ చెప్పినాడు. భాషలు మూడయినా చెట్టు ఒక్కటే గదా అనుకున్నాము.

తంగేడు పేరు వచ్చినది గనుక ఆ కథ కూడా చెప్పాలి. మా వ్యాసానికి అసలు కారణం అదే.

మన ఇళ్ళలో భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి తొమ్మిది రోజులు ఆడవారు పూలు పేర్చి ఆడతారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగ చేసినది; తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించినది. అవన్నీ అక్కడి సంగతులు. ఇక్కడ నాందేడులో ఏ ప్రకటనలూ లేకుండానే ఎన్ని తరాలుగానో మన ఆడవారు బతుకమ్మను గోదావరికి సాగనంపుతున్నారు. ఒకప్పుడు ఊరు దాటి ఒక మైలు పోతే బీడు మీద తంగేడు కావలసినంత ఉండేది. ఊరు పెరిగినది. 2008లో గురుతాగద్దీ మూడు వందల ఏళ్ళ ఉత్సవం నాటికి రోడ్లు వెడల్పయినవి, వంతెనలు లేచినవి, యాత్రికులకు సౌకర్యం అయినది. మంచిదే. ఆ వెనుక బీళ్ళన్నీ ప్లాట్లయినవి. తంగేడుకు బీడే ఇల్లు. బీడు పోతే తంగేడు పోయినది.

ఒక సంవత్సరం సద్దుల బతుకమ్మ నాడు మా ఇంటికి ఒక్క తంగేడు రెమ్మ కూడా దొరకలేదు. బజారు బంతి, చామంతి తెచ్చి మా అమ్మాయి ఎంతో అందంగా పేర్చినది. మా అమ్మ పళ్ళెం ముందు కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “తంగేడు లేని బతుకమ్మ పసుపు లేని పెండ్లి లెక్క బిడ్డా” అన్నది. మా అమ్మాయి, “తంగేడు ఎట్లుంటుంది నానమ్మా?” అని అడిగినది. పదమూడేళ్ళ పిల్ల, మరాఠీ బడిలో చదువుతున్నది. తంగేడు తెలియదు, తరవడ్ అన్నా తెలియదు. ఊరి నుంచి పువ్వు పోయిన తరువాత ఏ భాషలో చెబితే మాత్రం ఏం లాభం? మా అమ్మ ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదు.

ఆ మాఘంలో వసంత పంచమికి మా తమ్ముని కొడుకు అక్షరాభ్యాసం కోసం ఇంటిల్లిపాదీ బాసరకు బయలుదేరినాము. నాందేడు నుంచి ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాదు మీదుగా సుమారు రెండు గంటల రైలు ప్రయాణం. ఉమ్రి దాటిన తరువాత పెట్టెలో వినబడే మాట మెల్లగా మారుతుంది. మరాఠీలో మొదలుపెట్టిన బేరం తెలుగులో ముగుస్తుంది. కిటికీలో నుంచి చూస్తే పత్తి చేలు, నడుమ నడుమ రాతి దిబ్బలు, దిబ్బల మీద పొదలు. మా అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, పిల్లను పక్కన పెట్టుకుని, వేలితో చూపుతూ చెట్టు చెట్టుకూ పేరు చెబుతూ వచ్చినది. సరస్వతీ దేవి సన్నిధిలో ఒక పిల్లవాడు అక్షరం దిద్దటానికి పోతుంటే, రైలు పెట్టెలో ఇంకొక పిల్లకు ఇంకొక అక్షరాభ్యాసం జరిగినదని మేము అనుకున్నాము. పూజ అయిన తరువాత ఊరి వెలుపలి గట్టు మీద ఎండిన తంగేడు కాయలు ఒక రుమాలు నిండా ఏరుకుని వచ్చాము.

తంగేడు గింజ పై తోలు గట్టిది. ఊరకనే నాటితే మొలవటానికి నెలలు పడుతుంది. కాగి దించిన వేడినీళ్ళలో వేసి, ఒక రాత్రి నాననిచ్చి, ఉబ్బిన గింజలను మృగశిర కార్తెలో నాటితే త్వరగా మొలుస్తవి. ఇంకొక కిటుకు ఉన్నది. నల్లరేగడిలో వానాకాలం నీరు నిలుస్తుంది. తంగేడుకు వేళ్ళ దగ్గర నీరు గిట్టదు. అందుచేత పెరటి మూలన రెండు బండ్ల మొరం పోయించి, మోకాటి ఎత్తు దిబ్బ చేసి, దాని మీద నాటాము. మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండు చెంబుల నీళ్ళు పోశాము. రెండవ ఏడు బతుకమ్మ నాటికి దిబ్బ అంతా పసుపు పచ్చగా పూసినది. మా అమ్మాయి తన చేత్తో కోసి తాంబాళంలో పేర్చినది. ఇప్పుడు మా వీధిలోని ఆరు తెలుగు ఇండ్లకు మా పెరటి నుంచే తంగేడు పోతున్నది. నగీనా ఘాటు దగ్గర బతుకమ్మను విడిచేటప్పుడు మా అమ్మ కొంగు నడుముకు చుట్టి పిల్లలతో సమానంగా ఆడినది.

పూలతో పాటు పిలవని చుట్టాలూ వచ్చినారు. తంగేడు ఆకు మీద లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు, కరివేపాకు మీద మరొక జాతి పిల్లలు. కరివేపాకు పురుగును చిన్నప్పుడు చూస్తే పిట్ట రెట్ట అనుకుంటారు. పెరిగిన కొద్దీ ఆకుపచ్చ అవుతుంది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం నీలవంత్ అనే పెద్ద నల్ల నీలి సీతాకోకచిలుకను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించినది. మన దేశంలో అటువంటి గౌరవం పొందిన మొదటి సీతాకోకచిలుక అదే. దాని పిల్లలు పెరిగేది నిమ్మ కుటుంబపు చెట్ల ఆకుల మీద. మా కరివేపాకు మీదకు వచ్చేవి దానికి దాయాదులు. నర్సరీ దుకాణం వారు మందు కొట్టమన్నారు. మేము కొట్టలేదు. కొన్ని పురుగులు సీతాకోకచిలుకలయినవి, మిగిలినవి పిట్టల పాలయినవి. ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్టను మరాఠీలో శింపీ అంటారు, అనగా దర్జీ. ఒక జంట మా పెరట్లోనే గూడు పెట్టినది. తేనెపిట్టలు, పిగిలిపిట్టలు సరేసరి. వీధి చివరి మేడి చెట్టు మీద రాగి బిందె మీద సుత్తి పెట్టి కొట్టినట్లు టుక్కు టుక్కు మని ఒక పిట్ట పలుకుతుంది. దాని మరాఠీ పేరు తాంబట్, అనగా కంచరి. మేడి దత్తాత్రేయునికి ప్రీతి అని ఇక్కడివారు ఆ చెట్టు జోలికి పోరు. ఆ భక్తి వలన ఎన్ని పిట్టలకు భోజనం దొరుకుతున్నదో లెక్క లేదు.

దసరా మా ఊరిలో మూడు విధాలుగా జరుగుతుంది. సిక్కులు గురుద్వారా నుంచి హల్లా ఊరేగింపు తీస్తారు. మనము జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్ళకు మొక్కుతాము. మహారాష్ట్రులు ఆపటా ఆకు ఇచ్చి, “సోనం ఘ్యా, సోన్యాసారఖం రాహా” అంటారు, అనగా బంగారం తీసుకోండి, బంగారంలా ఉండండి అని. మనది పాండవుల ఆయుధాల కథ, వారిది రఘుమహారాజు కోసం కుబేరుడు బంగారు వాన కురిపించిన కథ. ఆపటా అంటే మన ఆరె చెట్టే. మన వైపు మహారాష్ట్రులనూ ఆరె వారనే అంటారు. ఆ మాట చెబితే కాకూ పడీ పడీ నవ్వినది. దసరా ముందు రోజు బజారులో ఆపటా కొమ్మలు గుట్టలుగా పోసి అమ్ముతారు. ఎన్ని చెట్లు బోడి అయితే అన్ని గుట్టలు! పైగా కాంచనం ఆకును కూడా ఆపటా అని అంటగడతారు. రెండింటి ఆకూ మధ్యకు చీలినట్లే ఉంటుంది. మేము గేటు పక్కన ఒక జమ్మి నాటాము. కాకూ తన వాకిట ఒక ఆపటా నాటినది. ఏడాదికి రెండు రెమ్మలు గోడ మీదుగా మారుతవి. కొన్న బంగారం కన్న పండిన బంగారం మేలు గదా.

ఇక ఇంటి తగవు సంగతి. మా పెద్దవాడు పూనాలో ఉద్యోగంలో చేరి, ఒక పాత కారు కొన్నాడు. వచ్చినప్పుడల్లా అది వీధిలో నిలబెట్టవలసి వస్తున్నదనీ, పెరడంతా సిమెంటు చేయిస్తే కారూ పడుతుంది, ఆకులు ఊడ్చే బాధా, పాముల భయమూ తప్పుతుందనీ పట్టుపట్టినాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, రోజూ ఊడ్చేది ఆమే. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకుపోయినాడు. రెండు వారాలు ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ సరిగా మాటలు లేవు.

వాదనతో తేలని సంగతి మే నెల ఎండ తేల్చినది. సాయంత్రం ఏడు దాటినా ముందరి సిమెంటు వాకిట చెప్పులు లేకుండా అడుగు పెట్టలేము. పెరట్లో మారేడు కింద మట్టి మీద మా అమ్మ వట్టి కాళ్ళతో కూర్చుని బియ్యం ఏరుతున్నది. మా పెద్దవాడు ఆ మూల నుంచి ఈ మూలకు రెండు మూడు సార్లు నడిచి చూశాడు. ఇందులో మంత్రం ఏమీ లేదు. సిమెంటు పగలంతా ఎండను తాగి రాత్రి దాకా వదులుతూ ఉంటుంది. చెట్టు నేల నుంచి నీరు తీసి ఆకుల ద్వారా ఆవిరిగా విడుస్తుంది గనుక, తడిబట్ట కట్టిన కుండలా చుట్టుపక్కలను చల్లబరుస్తుంది. మెత్తని మట్టి వాన నీటిని తాగి లోపల దాచుకుంటుంది. సిమెంటు దానిని వీధిలోకి తోస్తుంది. మరునాడు వాడే మేస్త్రీని పిలిచి, కారు చక్రాలు పోయే మేరకు రెండే రెండు పలకల దారులు వేయించి, నడుమ మట్టి అట్లాగే ఉంచమన్నాడు. ఇప్పుడు ఆ నడుమ గరిక పెరుగుతున్నది. ఊడ్చిన ఆకులు మూలన గుంటలో వేస్తే ఎరువవుతున్నది. గోడ పక్కన ఆకులు, కట్టెలు పేర్చకుండా, ఎలుకలు చేరకుండా చూసుకుంటే పాముకూ మన ఇంట్లో పని ఉండదు.

మా పెరటి వలన లోకపు ఎండ తగ్గుతుందని మేము చెప్పబోము. అది పెద్ద దేశాల, పెద్ద కర్మాగారాల వ్యవహారం. కాని మా పడమటి గోడ చల్లబడినది, మా బావిలో నీరు కొంచెం నిలిచినది, ఒక శింపీ జంటకు చోటు దొరికినది.

విదేశపు చెట్టు కనబడితే గొడ్డలి పట్టమని కూడా మా అభిప్రాయం కాదు. చింత ఆఫ్రికా నుంచి ఏనాడో వచ్చి మన పప్పులో, చారులో కలిసిపోయినది. సీత పేరు పెట్టుకున్న సీతాఫలం అమెరికా నుంచి పోర్చుగీసు వారి ఓడలలో వచ్చినదే. బతుకమ్మలో పెట్టే బంతి మెక్సికోది, తురాయి మడగాస్కరుది. వచ్చి నలుగురితో కలిసి ఉన్నవారిని పొమ్మనే హక్కు వలస వచ్చి స్థిరపడ్డ మన వంటి కుటుంబాలకు అసలే లేదు. కాని తాను తప్ప ఇంకొకటి బ్రతకకుండా చేసేవీ ఉన్నవి. 1955 ప్రాంతంలో పూనాలో కనబడ్డ వయ్యారిభామ దేశమంతా కమ్ముకున్నది. సర్కారు తుమ్మ బీళ్ళన్నిటినీ ఆక్రమించినది. అటువంటివాటిని పెరట్లోకి రానివ్వకుండా, నూటికి డెబ్బై పాళ్ళు ఈ నేల మొక్కలకు చోటు ఇచ్చి, మిగిలిన ముప్పై పాళ్ళలో ఎవరికి ఇష్టమయినవి వారు పెంచుకుంటే చాలునని మేము అనుకుంటాము.

చివరగా, మొదలుపెట్టదలచిన వారికి నాలుగు మాటలు. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంట వైశాఖంలోనే తీసి ఎండనివ్వండి. మృగశిరలో మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి చిన్న మొక్కనే నాటండి. పెద్ద మొక్క కన్న చిన్న మొక్క వేరు త్వరగా లోతుకు పోతుంది. చిన్న పెరటికి కరివేపాకు, మారేడు, ఉసిరి, వావిలి, పారిజాతం, తంగేడు చాలును. రావి, మర్రి, మేడి ఇంటి పునాదికి దగ్గరగా వద్దు. వాటిని గుడి దగ్గరో, చెరువు గట్టుననో నాటించండి. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త విషమొక్కలు గనుక పసిపిల్లలున్న ఇండ్లలో దూరంగా ఉంచండి. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పారపోయకుండా మొదళ్ళలో పోయండి. మొదటి రెండు ఎండాకాలాలు గట్టెక్కితే తరువాత అవి మనలను నీళ్ళు అడగవు. చోటు ఉంటే ఒక నాటు పత్తి మొక్క పెట్టుకోండి. ఒకప్పుడు గావరాణి అనే మన నాందేడు నాటు పత్తికి ఎంతో పేరు ఉండేది. దీపారాధన వత్తులకు ఏడాది పొడుగునా సరిపోతుంది.

మన సంఘం వారికి ఒక మనవి. ప్రతి ఏటా విజయదశమికి మనం కలుసుకుని ఫలహారాలు పంచుకుంటున్నాము. ఈసారి తంగేడు, జమ్మి గింజలు చిన్న పొట్లాలలో కట్టి మా అమ్మ, మా అమ్మాయి తెస్తారు. కావలసిన కుటుంబాల వారు ఒక్కొక్క పొట్లం తీసుకుపోవచ్చును. గింజలు మాత్రమే కాదు, పొట్లం మీద ఆ మొక్క పేరు తెలుగులోనూ మరాఠీలోనూ రాసి ఉంటుంది. రాసేది మా అమ్మాయి.